తొందరపాటును కొలిచిన లెక్కలు



ముందుగా ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక బ్యాటు, ఒక బంతి కలిపి వెల ఒక డాలరు పది సెంట్లు. బంతి కంటె బ్యాటు వెల ఒక డాలరు ఎక్కువ. అయితే బంతి వెల ఎంత? డాలరుకు నూరు సెంట్లు అన్న సంగతి తప్ప మరే పరిజ్ఞానమూ దీనికి అక్కరలేదు.

ప్రశ్న చదవడం పూర్తికాకముందే చాలామంది మనసులో "పది సెంట్లు" అన్న జవాబు మెదులుతుంది. దానిని సరిచూద్దాం. బంతి పది సెంట్లయితే, దానికంటె డాలరు ఎక్కువైన బ్యాటు డాలరు పది సెంట్లవుతుంది. రెండూ కలిపితే డాలరు ఇరవై సెంట్లు. లెక్క కుదరలేదు. బంతి ఐదు సెంట్లు, బ్యాటు డాలరు ఐదు సెంట్లు అయితేనే కుదురుతుంది. ఇందులో ఉన్నవి చిన్న తరగతుల కూడికలు, తీసివేతలు మాత్రమే. అయినా చదువుకున్నవారు సైతం ఇక్కడ తడబడుతున్నారు.

ఆరోగ్య విషయాలు చెప్పవలసిన చోట ఈ లెక్కల ప్రస్తావన ఎందుకని మీకు అనిపించవచ్చు. ఒక రక్తపరీక్ష ఫలితం చేతికి వచ్చినప్పుడు రోగి, వైద్యుడు ఇద్దరూ సరిగ్గా ఇటువంటి ప్రశ్ననే ఎదుర్కొంటారు. మొదట తోచిన జవాబు దగ్గర ఆగిపోతే, లేని జబ్బుకు భయపడవలసి వస్తుంది. కనుక మనిషి ఆలోచనలోని తొందరపాటును, విచక్షణను కొలవడానికి శాస్త్రజ్ఞులు చేసిన ప్రయత్నాల చరిత్రను ఈ వ్యాసంలో క్లుప్తంగా వివరిస్తాను. ఆ కొలతలు నేర్పిన పాఠం ఎంత విలువైనదో, ఆ కొలతల్లోని లోపాలు నేర్పిన పాఠమూ అంతే విలువైనది.

ఆలోచనకు పట్టే కాలం

ఆలోచనను కాలంతో కొలవవచ్చునన్న ఊహకు మూలపురుషుడు ఒక వైద్యుడే. నెదర్లాండ్స్ దేశంలోని యూట్రెక్ట్ నగరానికి చెందిన ఫ్రాన్సిస్కస్ డాండర్స్ నేత్రవైద్యంలో ప్రఖ్యాతుడు, శరీరధర్మ శాస్త్రవేత్త. అంతకు ముందే, 1850లో, జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరంలో సంకేతం ప్రయాణించే వేగాన్ని కొలిచాడు. నరాల వేగం కొలతకు అందనిదన్న పాత నమ్మకం దానితో సడలింది. నరానికి కాలం పడుతున్నప్పుడు ఆలోచనకు మాత్రం ఎందుకు పట్టదని డాండర్స్ ప్రశ్నించాడు.

ఆయన పద్ధతి సులభమైనది. ఒక సంకేతం రాగానే చేయి కదపడానికి పట్టే కాలాన్ని మొదట కొలిచాడు. తరువాత రెండు సంకేతాలలో ఏది వచ్చిందో గుర్తించి, దానికి తగిన చేతినే కదపమన్నాడు. మొదటి కాలాన్ని రెండవదాని నుండి తీసివేస్తే మిగిలేది ఆ నిర్ణయానికి పట్టిన కాలం. అది సెకనులో ఒక చిన్న భిన్నం మాత్రమే. అయినా 1868లో ప్రచురించిన ఆ పరిశోధనతో ఆలోచన ఒక కొలవదగిన వస్తువయింది. ఎంతసేపు ఆలోచించారో గడియారం చెప్పగలదు. ఎంత బాగా ఆలోచించారో చెప్పడం మాత్రం దానికి చేతకాదు. తరువాతి చరిత్రంతా ఈ రెండింటినీ వేరుచేయడానికి జరిగిన ప్రయాసే.

అలవాటు వేసే గంతలు

1942లో అబ్రహాం లూచిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మరొక దారి పట్టాడు. ఆయన ఉపయోగించినవి నీటి జాడీల లెక్కలు. మూడు జాడీలున్నాయి. వాటిలో వరుసగా 21, 127, 3 కొలతల నీరు పడుతుంది. వాటితో సరిగ్గా 100 కొలతలు తేవాలి. పెద్ద జాడీ నింపి, దానినుండి మొదటి జాడీతో ఒకసారి, చిన్న జాడీతో రెండుసార్లు తీసివేస్తే 100 మిగులుతుంది. ఇదే కిటుకుతో తేలే లెక్కలను వరుసగా మరికొన్ని ఇచ్చాడు. ఆ తరువాత 23, 49, 3 కొలతల జాడీలు ఇచ్చి 20 తెమ్మన్నాడు.

పాత కిటుకు ఇక్కడ కూడా పనిచేస్తుంది. కాని 23 నుండి 3 తీసివేస్తే ఒక్క అడుగులో పని పూర్తవుతుంది. ముందు లెక్కలు చేయకుండా నేరుగా ఈ ప్రశ్నకు వచ్చినవారు సులభమైన దారిని చూడగలిగారు. కిటుకుకు అలవాటుపడినవారిలో అత్యధికులు చూడలేకపోయారు. తెలివి తక్కువై కాదు, అలవాటు కళ్ళకు గంతలు కట్టడం వల్ల. మధ్యలో కొందరిచేత "గుడ్డిగా చేయవద్దు" అని కాగితం మీద రాయించినప్పుడు వారిలో కొంతమంది తేరుకున్నారు.

లూచిన్స్ ప్రయోగం వల్ల పరీక్షలు తయారుచేసేవారికి ఒక కొత్త ఉపాయం దొరికింది. మనసు తనంతట తాను అందించే జవాబు ఒకటి, సరైన జవాబు మరొకటి ఉండేలా ప్రశ్నను రూపొందించవచ్చు. అప్పుడు గడియారం లేకుండానే ఆలోచన తీరు బయటపడుతుంది.

ఆరు బొమ్మలలో ఒకటి

1964లో అమెరికాలో జెరోమ్ కేగన్, ఆయన సహచరులు పిల్లల ఆలోచన తీరును గురించి ఒక సుప్రసిద్ధమైన పరిశోధన ప్రచురించారు. వారు ఉపయోగించిన పరీక్ష పేరు మ్యాచింగ్ ఫెమిలియర్ ఫిగర్స్ టెస్ట్. పిల్లవాడి ముందు తెలిసిన వస్తువు బొమ్మ ఒకటి పెడతారు. దానితోపాటు చూడడానికి అలాగే ఉన్న ఆరు బొమ్మలు చూపుతారు. వాటిలో ఒకటి మాత్రమే అచ్చంగా మొదటి బొమ్మలా ఉంటుంది. మిగిలినవాటిలో ఎక్కడో ఒక చిన్న తేడా ఉంటుంది. మొదటి జవాబు చెప్పడానికి ఎంత సమయం తీసుకున్నాడు, ఎన్ని తప్పులు చేశాడు అన్న రెండు అంశాలను నమోదు చేస్తారు.

త్వరగా చెప్పి ఎక్కువ తప్పులు చేసేవారిని తొందరపాటు స్వభావం గలవారన్నారు. నిదానంగా చెప్పి తక్కువ తప్పులు చేసేవారిని ఆలోచనాశీలురన్నారు. ఈ విభజన పాఠశాలల్లో ఎంతో ప్రచారం పొందింది. లెక్కల్లో, చదవడంలో వెనుకబడిన పిల్లల సమస్యకు ఇందులో కారణం దొరుకుతుందని ఉపాధ్యాయులు ఆశించారు.

అయితే పిల్లలందరూ ఈ రెండు గంపల్లో ఇమడలేదు. త్వరగా చెప్పి సరిగ్గా చెప్పేవారున్నారు. ఎంతోసేపు చూసి తప్పు చెప్పేవారూ ఉన్నారు. చురుకైన బిడ్డ మొదటి కోవకు, అయోమయంలో పడిన బిడ్డ రెండవ కోవకు చెందుతారు. 1974లో జీన్ బ్లాక్, జాక్ బ్లాక్, డేవిడ్ హారింగ్టన్ ఈ పరీక్షను తీవ్రంగా విమర్శించారు. పిల్లల స్వభావంతో ఎక్కువ సంబంధం కనబడుతున్నది తప్పుల సంఖ్యకే గాని, తీసుకున్న సమయానికి కాదని వారు చూపారు. త్వరగా జవాబు చెప్పినంత మాత్రాన ఒక బిడ్డకు తొందరపాటు మనిషని ముద్ర వేయడం అన్యాయమన్నమాట.

ఈ కాలంలోనే, 1971లో, కెనడాలో డోనాల్డ్ మైకెన్‌బామ్, జోసెఫ్ గుడ్‌మన్ తొందరపాటు పిల్లలకు శిక్షణ ఇచ్చి చూశారు. పెద్దవారు పని చేసి చూపుతూ, "ఇప్పుడు నేనేం చేయాలి? నెమ్మదిగా చూడాలి, ఒక్కొక్కటీ పోల్చాలి, ఆ, ఇది సరిపోయింది" అన్న ధోరణిలో పైకి మాట్లాడుకుంటారు. తరువాత బిడ్డ పైకి అనుకుంటూ చేస్తాడు. ఆపైన గొణుక్కుంటూ, చివరకు మనసులోనే అనుకుంటూ చేస్తాడు. పెద్దవారు చేసి చూపడం మాత్రమే చూసిన పిల్లలు నెమ్మదించారు, కాని వారి తప్పులు తగ్గలేదు. తమతో తాము మాట్లాడుకోవడం కూడా నేర్చుకున్న పిల్లల్లో తప్పులు తగ్గాయి.

పాఠకులు ఈ ఫలితాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. ఆగడం వేరు, ఆగి సరిచూసుకోవడం వేరు. మనం పిల్లలతో "తొందరపడకు" అంటాం. ఆగిన ఆ సమయంలో ఏం చేయాలో మాత్రం చెప్పం.

మూడే మూడు ప్రశ్నలు

మనం మొదట చేసిన బ్యాటు, బంతి లెక్క 2005లో ప్రసిద్ధికెక్కింది. అప్పుడు అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేస్తున్న షేన్ ఫ్రెడరిక్ మూడు ప్రశ్నలతో ఒక పరీక్షను ప్రకటించాడు. దాని పేరు కాగ్నిటివ్ రిఫ్లెక్షన్ టెస్ట్. వచ్చిన ఆలోచనను మళ్ళీ పరిశీలించుకునే శక్తికి పరీక్ష అని చెప్పుకోవచ్చు.

రెండవ ప్రశ్న ఇది. ఐదు యంత్రాలు ఐదు నిమిషాల్లో ఐదు వస్తువులు తయారుచేస్తే, నూరు యంత్రాలు నూరు వస్తువులు తయారుచేయడానికి ఎంతసేపు పడుతుంది? నూరు నిమిషాలని తోస్తుంది. ఒక్కో యంత్రం ఒక్కో వస్తువును ఐదు నిమిషాల్లో చేస్తున్నది కనుక సరైన జవాబు ఐదు నిమిషాలే. మూడవది చెరువులోని కలువ ఆకుల లెక్క. ఆకులు పరచుకున్న మేర రోజురోజుకూ రెట్టింపవుతుంది. చెరువంతా నిండడానికి 48 రోజులు పడితే, సగం నిండడానికి ఎన్ని రోజులు? 24 కాదు, 47. అంటువ్యాధి వ్యాపించే తీరు ఇదే. చెరువు సగం ఖాళీగా కనబడిన రోజుకు, నిండిపోయే రోజుకు మధ్య ఒక్క రాత్రే దూరం. 2020లో కరోనా కేసులు పెరిగిన తీరు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఫ్రెడరిక్ ఈ ప్రశ్నలను 3,428 మందికి ఇచ్చాడు. వారిలో ఎక్కువమంది విశ్వవిద్యాలయ విద్యార్థులు. మూడింటికీ సరిగ్గా జవాబు చెప్పినవారు 17 శాతం. ఒక్కటీ సరిగ్గా చెప్పనివారు 33 శాతం. ఆ ప్రఖ్యాత సాంకేతిక సంస్థ విద్యార్థుల్లో సైతం మూడూ సరిగ్గా చేసినవారు సగానికి కొంచెం తక్కువే.

మరొక గమనిక ఇంకా ఆసక్తికరమైనది. ఈ లెక్కను ఎంతమంది సరిగ్గా చేయగలరనుకుంటున్నారని అడిగితే, బంతి వెల పది సెంట్లన్నవారు సగటున 92 శాతం అన్నారు. ఐదు సెంట్లన్నవారు 62 శాతం అన్నారు. తప్పు చేసినవారికే లెక్క తేలికగా కనబడిందన్నమాట. తప్పు జవాబు సందేహంతో రాలేదు, పూర్తి ధీమాతో వచ్చింది. వైద్యంలోనైనా, సంసారంలోనైనా ప్రమాదకరమైన తప్పులు ఇలాగే వస్తాయి.

అప్పటికే 2000లో కీత్ స్టానోవిచ్, రిచర్డ్ వెస్ట్ అనే పరిశోధకులు త్వరిత ఆలోచనను ఒకటవ వ్యవస్థ అని, నిదాన ఆలోచనను రెండవ వ్యవస్థ అని పేర్కొన్నారు. నోబెల్ బహుమతి గ్రహీత డేనియల్ కానెమన్ 2011లో వెలువరించిన గ్రంథం ఈ మాటలను ప్రపంచమంతటా వ్యాపింపజేసింది.

కొలబద్ద మీదే అనుమానాలు

ప్రచారంతోపాటు పరీక్షకు కష్టాలూ వచ్చాయి. 2007లో ఒక పరిశోధక బృందం ఈ మూడు ప్రశ్నలను చదవడానికి కష్టమైన అక్షరాలతో అచ్చువేసి ఇచ్చింది. చదవడం కష్టమైతే మనసు నెమ్మదించి, జవాబులు మెరుగవుతాయని ఆ బృందం తేల్చింది. ఆ ప్రయోగంలో పాల్గొన్నది 40 మంది విద్యార్థులు. 2015లో ఫ్రెడరిక్‌తో సహా మరికొందరు ఏడు వేల మందికి పైగా ఫలితాలను కలిపి చూసినప్పుడు ఆ మేలు ఏమీ కనబడలేదు. అక్షరాలు మసకబారితే ఆలోచనకు పదును రాదు. చిన్న ప్రయోగం, పెద్ద వార్త చూసినప్పుడల్లా ఈ ఉదాహరణ జ్ఞాపకం చేసుకోండి. మందుల విషయంలోనూ ఇదే నీతి వర్తిస్తుంది.

రెండవ అనుమానం మరింత లోతైనది. ఈ పరీక్షలో తప్పినవారికి లోపించినది సరిచూసుకునే అలవాటా, లేక లెక్కల పరిజ్ఞానమా? ఒక్క మార్కు చూసి ఈ రెండింటినీ వేరుచేయలేమని పలువురు పరిశోధకులు చూపారు. లెక్కలంటే బెదురున్న మనిషి ఎంత నిదానంగా ఆలోచించినా తప్పు చేయవచ్చు.

మూడవది అన్నిటికంటె ఆశ్చర్యకరం. బెన్స్ బాగో, విమ్ డి నేస్ 2019లో ప్రచురించిన ప్రయోగంలో పాల్గొన్నవారిని మొదట అతి తక్కువ వ్యవధిలో, మనసుకు మరొక పని కూడా అప్పగించి, తోచిన జవాబు చెప్పమన్నారు. తరువాత తీరికగా ఆలోచించి మళ్ళీ చెప్పమన్నారు. చివరకు సరైన జవాబు చెప్పినవారిలో చాలామంది మొదటి తడవలోనే సరిగ్గా చెప్పారని తేలింది. అభ్యాసంతో ఆరితేరిన మనసు తొందరలోనూ సరైనదే పట్టుకోగలదు.

మన పెద్దలు "నిదానమే ప్రధానం" అన్నారు. "ఆలస్యం అమృతం విషం" అనీ అన్నారు. రెండూ నిజాలే. ఏది ఎప్పుడన్నదే వివేకం. ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా మూతి వంకరపోయి, మాట ముద్దగా వచ్చి, ఒక చేయి పడిపోతే అది పక్షవాతం కావచ్చు. మెదడులోని రక్తపుగడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అక్కడ కూర్చుని ఆలోచించడం నేరం. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఆస్పత్రిలో అదే లెక్క

ఇక మొదట అన్న రక్తపరీక్ష సంగతికి వద్దాం. 1978లో హార్వర్డ్ వైద్య కళాశాల బోధనాసుపత్రుల్లో కాసెల్స్, ఆయన సహచరులు 60 మందిని ఒక ప్రశ్న అడిగారు. వారిలో వైద్య విద్యార్థులు, హౌస్ ఆఫీసర్లు, అనుభవజ్ఞులైన వైద్యులు ఉన్నారు. ప్రశ్న సారాంశం ఇది. ఒక జబ్బు వెయ్యి మందిలో ఒకరికి ఉంటుంది. దానిని కనిపెట్టే పరీక్ష, జబ్బు లేనివారిలో 5 శాతం మందికి పొరపాటున పాజిటివ్ చూపుతుంది. లక్షణాల గురించి ఏమీ తెలియని ఒక వ్యక్తికి పాజిటివ్ వస్తే, అతనికి నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత?

అందరికంటె ఎక్కువమంది, 27 మంది, 95 శాతం అన్నారు. సరైన జవాబు చెప్పినవారు 11 మంది.

కాగితం తీసుకుని మీరే చేసి చూడండి. వెయ్యి మందికి పరీక్ష చేశారనుకుందాం. జబ్బున్నది ఒక్కరికి. అతనికి పాజిటివ్ వస్తుందనే అనుకుందాం. జబ్బు లేని 999 మందిలో 5 శాతం, అంటే సుమారు 50 మందికి, పొరపాటున పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 51. అందులో నిజమైన రోగి ఒక్కడు. అవకాశం సుమారు 2 శాతం. 95కు, 2కు మధ్యనున్న దూరం ఒక కుటుంబం నిద్రపోవడానికి, నిద్ర లేకపోవడానికి మధ్యనున్న దూరం.

ఇక్కడ కూడా "నిదానంగా ఆలోచించండి" అన్న సలహా ఒక్కటే చాలదు. శాతాలతో ఎంతసేపు కుస్తీపట్టినా చాలామందికి దారి దొరకదు. జర్మనీకి చెందిన ఉల్రిష్ హోఫ్రాగె, గెర్డ్ గిగరెంజర్ 1998లో 48 మంది వైద్యులకు ఇటువంటి ప్రశ్నలు ఇచ్చారు. సమాచారాన్ని సంభావ్యతలుగా ఇచ్చినప్పుడు సరైన జవాబులు 10 శాతం. అదే సమాచారాన్ని "ఇంతమందిలో ఇంతమంది" అని మనుషుల లెక్కలో ఇచ్చినప్పుడు 46 శాతం. వైద్యులు మారలేదు, ప్రశ్న అడిగిన తీరు మారింది. తప్పు ఎప్పుడూ మనిషి స్వభావంలోనే ఉంటుందనుకోవడం కూడా ఒక తొందరపాటే.

మనం చేయగలిగినది

ఈ చరిత్ర నుండి మూడు సంగతులు గ్రహించవచ్చు.

మొదటిది పిల్లల గురించి. మన ఈఏపీసెట్ వంటి ప్రవేశ పరీక్షలో మూడు గంటల్లో 160 ప్రశ్నలు చేయాలి. ఒక్కో ప్రశ్నకు సుమారు 67 సెకన్లు. వేగం నేర్పక తప్పదు, నేర్పడం తప్పూ కాదు. అయితే గడియారం లేని లెక్క ఒకటైనా రోజూ ఇంట్లో చేయించండి. జవాబు వచ్చాక "దీనిని ప్రశ్నలో పెట్టి చూస్తే సరిపోతుందా?" అని పైకి అనుకుంటూ సరిచూడమనండి. ఆ ఒక్క వాక్యం కొన్నాళ్ళకు మనసులోని మాటగా మారుతుంది. నెమ్మదిగా చేసే బిడ్డను మందమతి అనవద్దు, త్వరగా చేసే బిడ్డను దుడుకువాడు అనవద్దు. అరవై ఏళ్ళ పరిశోధన తరువాత కూడా ఒక్క పరీక్ష చూసి ఒక బిడ్డ స్వభావాన్ని తేల్చే కొలబద్ద తయారుకాలేదు.

రెండవది పరీక్షా ఫలితాల గురించి. ఏ లక్షణమూ లేకుండా చేయించుకున్న పరీక్షలో ఏదైనా తేడా వస్తే బెంబేలుపడవద్దు, నిర్లక్ష్యమూ చేయవద్దు. మీ వైద్యుణ్ణి రెండు ప్రశ్నలు అడగండి. నావంటి వెయ్యి మందిలో ఈ జబ్బు ఎంతమందికి ఉంటుంది? జబ్బు లేనివారు వెయ్యి మంది ఈ పరీక్ష చేయించుకుంటే ఎంతమందికి పొరపాటున పాజిటివ్ వస్తుంది? జబ్బును నిర్ధారించే రెండవ పరీక్ష ఎందుకు అవసరమో ఈ రెండు జవాబుల్లోనే తెలుస్తుంది. లక్షణాలు ఉన్నవారికి ఈ లెక్క మారిపోతుంది. వారిలో జబ్బు ఉండే అవకాశం ముందే ఎక్కువ కనుక పాజిటివ్ ఫలితానికి బరువు పెరుగుతుంది.

మూడవది మన అందరి గురించి. ఒక జవాబు ఏ శ్రమా లేకుండా, పూర్తి ధీమాతో మనసులోకి వచ్చిందంటే అది తప్పని కాదు. కాని సరిచూడవలసినది ముందుగా దానినే. బంతి లెక్కలో సరిచూడడానికి పట్టే కాలం పది సెకన్లు. వైద్య పరీక్ష లెక్కకు ఒక చిన్న కాగితం, రెండు నిమిషాలు చాలు. ఒక మనిషిని భయం నుండి కాపాడడానికి అది పెద్ద మూల్యమేమీ కాదు.